కాలువలు కట్టేసిన నెలల్లో వాట్సాప్: ఒక డెల్టా మునిసిపాలిటీ కేస్ స్టడీ

గోదావరి డెల్టాలో ఒక మునిసిపాలిటీ. ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం, వీధుల పేర్లు మార్చాం, వార్డుల సంఖ్యా జనాభా లెక్కా అందుకే ఇవ్వలేదు. సోషల్ మీడియా సరిగ్గా వాడుకోలేకపోతున్నామని మొదలైన పని, చివరికి పంపు హౌసు నుంచి ఆఫీసుకు కబురు ఎలా చేరుతోందన్న చోట తేలింది. చాలా ఆఫీసుల్లో జబ్బు అక్కడే ఉంటుంది, మందు మాత్రం ఫేస్‌బుక్ పేజీకి రాస్తుంటారు.

నేపథ్యం

డెల్టా పట్టణాలకు తాగునీళ్ళు కాలువ నుంచే రావాలి. రబీ కోతలయ్యాక, సుమారు ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి రోజుల దాకా, పూడికతీతకీ లాకుల మరమ్మతులకీ కాలువలు కట్టేస్తారు. ఆలోగా సమ్మర్ స్టోరేజీ ట్యాంకు, అంటే ఊళ్ళో అందరూ మంచినీళ్ళ చెరువనేది, నిండుగా నింపిపెట్టుకోవాలి. మళ్ళీ కాలువ వదిలేదాకా ఆ నీళ్ళతోనే గడవాలి కాబట్టి సరఫరా రోజు విడిచి రోజుకు మారుతుంది. చెరువు నుంచి ఫిల్టర్ బెడ్లు, అక్కణ్ణుంచి ఓవర్‌హెడ్ ట్యాంకులు, వాటి కింద వాల్వులు. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో లైన్‌మన్‌కి తెలుసు. ఏ వీధికి ఎన్నింటికి నీళ్ళొస్తాయో జనానికి అలవాటు మీద తెలుసు. టర్ను, అంటే నీళ్ళు వదిలే వంతు, మారిన రోజున ఆ అలవాటు పనికిరాదు.

మునిసిపాలిటీకి అప్పటికే ఫేస్‌బుక్ పేజీ, ఎక్స్ ఖాతా ఉన్నాయి. పేజీ నిండా శంకుస్థాపనలు, ర్యాలీలు, శాలువాలు. ప్రతి ఫొటో కింద ఒకటే కామెంటు, మనిషి మారి మనిషి: "మా వీధికి నీళ్ళు ఎప్పుడండీ?" జవాబిచ్చేవాళ్ళు లేరు.

ఎదురైన సమస్య

ఆఫీసు చెప్పిన సమస్య వేరు: పేజీకి రీచ్ లేదు, నెగటివ్ కామెంట్లు ఎక్కువ, బాగా డిజైన్ చేసేవాళ్ళు కావాలి. డిజైనర్ సంగతి పక్కనపెట్టి ముందు ఒక వారం కామెంట్లన్నీ కాగితం మీద విడగొట్టాం. మూడు కుప్పలు తేలాయి. అన్నిటికన్నా పెద్దది "నీళ్ళు ఎప్పుడు". రెండోది ఫలానా చోట లీకు, ఫలానా చోట మురుగు. మూడోది తిట్లు, రాజకీయాలు. మూడో కుప్పలో కూడా చాలా వరకు మొదటి ప్రశ్నకు జవాబు రాక పుట్టిన కోపమే. అంటే కావాల్సింది అందమైన పోస్టరు కాదు, ఉదయం 5 గంటలకు పనికొచ్చే ఒక్క వాక్యం.

ఇంకో సంగతి బయటపడింది. పేజీ పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. ఎప్పుడో అవుట్‌సోర్సింగ్ మీద పనిచేసి మానేసిన కంప్యూటర్ ఆపరేటరు తన సొంత ప్రొఫైల్ మీద పేజీ పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్ళకు పోస్టు చేసే వీలు మాత్రం ఇచ్చాడు, పూర్తి అధికారం అతని ప్రొఫైల్ దగ్గరే ఉండిపోయింది. అతను మంచివాడు కాబట్టి ఫోన్ చేస్తే వచ్చి మార్చిచ్చాడు. అందరూ అలా రారు. పోస్టుల జోలికి వెళ్ళకముందే ఈ ఏర్పాట్లు చేశాం:

పేజీకి పూర్తి అధికారం ఇద్దరికి, ఒకరు కమిషనరు, ఇంకొకరు మేనేజరు. ఖాతాలన్నీ ప్రభుత్వ ఈమెయిల్ మీదికి మార్పు. వాట్సాప్‌కి మునిసిపాలిటీ పేరుతో కొత్త సిమ్. రెండంచెల ధృవీకరణకు పెట్టిన 6 అంకెల పిన్ సీలు వేసిన కవరులో క్యాష్ చెస్టులోకి. బదిలీ అయినప్పుడు ఇచ్చే ఛార్జి జాబితాలో జీపు తాళం, బీరువా తాళాలతో పాటు ఈ ఖాతాలకూ ఒక వరుస. సిమ్ రీచార్జి గడువు అకౌంటెంటు క్యాలెండర్‌లోకి. చివరిది నవ్వులాటగా తోస్తుంది గానీ, రీచార్జి మరిచిపోయి నంబరు రద్దయితే ఆ నంబరు వేరొకరికి వెళ్తుంది. ఊళ్ళో వేలమంది ఫోన్లలో "మునిసిపాలిటీ" అని సేవ్ చేసుకున్న నంబరు అది.

మొదట చేసింది, ఎందుకు చెడింది

అందరికీ తట్టేదే తట్టింది: వార్డుకో వాట్సాప్ గ్రూపు. వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2 నుంచి ఉన్నాయి, ప్రతి సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీ ఉంటారు, నీళ్ళ సంగతి వాళ్ళ పనే. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. ఖర్చు లేదు, రెండు రోజుల్లో పెట్టేయొచ్చు. కాగితం మీద ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

మూడో వారానికే గ్రూపులు చేయి దాటాయి. ఉదయం 5 నుంచి 7 మధ్యే నీళ్ళ సమాచారం పడాలి, సరిగ్గా ఆ వేళకే శుభోదయం పూలూ దేవుడి బొమ్మలూ పడతాయి. అసలు మెసేజీ 40 మెసేజీల పైకి పోతుంది. ఒక వార్డులో రెండు పార్టీలవాళ్ళు రాత్రంతా వాదించుకుని తెల్లారి సెక్రటరీని "మీరు ఎవరి వైపు" అని నిలదీశారు. వీటన్నిటికన్నా బరువైనది ఇంకొకటి: గ్రూపులో చేరితే ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తుంది. నీళ్ళ ఫిర్యాదు రాసిన ఒకావిడకు రాత్రిపూట తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆ ఒక్క కారణం చాలు గ్రూపులు మూసేయడానికి. ప్రభుత్వ పనికోసం చేరిన మనిషి నంబరు వీధి మొత్తానికి పంచే హక్కు ఆఫీసుకు లేదు.

అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మారిస్తే సరిపోదా అని ఆఫీసులో అడిగారు. సగమే సరిపోతుంది. గొడవ ఆగుతుంది, నంబర్లు కనిపించడం ఆగదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకే మెసేజీని చాలామందికి విడివిడిగా పంపేది) కూడా ఆలోచించాం. ఒక లిస్టుకు 256 మందే, పైగా మన నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజీ వెళ్తుంది. పంపామని మనం అనుకుంటాం, అవతల చేరదు. ఎవరికి చేరలేదో తెలిసే దారి కూడా సరిగ్గా లేదు.

రెండో అడుగు: ఛానల్

వాట్సాప్ ఛానల్స్ మన దేశంలోకి 2023 సెప్టెంబరులో వచ్చాయి. ఛానల్‌లో చేరినవాళ్ళ నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, అడ్మిన్ నంబరూ కనిపించదు, సంఖ్యకు పరిమితి లేదు. చెప్పడానికి ఛానల్, వినడానికి వేరే నంబరు అని విడగొట్టాం. ఈ విడగొట్టడమే అన్నిటికన్నా పనికొచ్చిన నిర్ణయం. ఒకేచోట రెండూ పెడితే చెప్పేది మునిగిపోతుంది, వినేది నమోదు కాదు.

ఫేస్‌బుక్ పేజీ జోలికి వెళ్ళలేదు. ప్రారంభోత్సవాల ఫొటోలు ఆపమంటే ఏ ఆఫీసులోనైనా పని అక్కడితో ఆగిపోతుంది. అవి పేజీలోనే ఉండనిచ్చి, ఛానల్‌కి ఒక్క షరతు పెట్టించాం: ఇందులో మనుషుల ఫొటోలు పడవు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. పేజీలో ఏమేం తీసేయాలో వెతుక్కునే వేళ ఛానల్‌లో తీసేయడానికి ఏమీ ఉండదు.

అయినా మొదటి పది రోజులు ఛానల్ విఫలమైంది. మొదటి మెసేజీ ఇలా వెళ్ళింది:

"యావన్మంది పట్టణ ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా, సాంకేతిక కారణముల వలన జోన్-3 పరిధిలో రేపు నీటి సరఫరా యందు అంతరాయము కలుగును. కావున ప్రజలు సహకరించవలసినదిగా కోరడమైనది."

భాష సంగతి పక్కనపెట్టినా ఇందులో మూడు తప్పులున్నాయి. జోన్-3 అంటే ఏదో ఇంజనీరింగ్ సెక్షన్ దాటితే ఎవరికీ తెలియదు. "రేపు" అన్నది ఫార్వర్డు అయ్యేకొద్దీ ప్రతి రోజూ రేపే. ఈ మెసేజీ నాలుగు రోజుల తర్వాత కూడా కుటుంబాల గ్రూపుల్లో తిరిగింది, అనవసరంగా జనం బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడ్డారు. మూడోది, నీళ్ళు అసలు వస్తాయా రావా, వస్తే ఎప్పుడు అన్నది లేదు.

వీధుల జాబితా తయారుచేయడానికి నాలుగు రోజులు పట్టింది. లైన్‌మన్లను కూర్చోబెట్టి, ప్రతి వాల్వు కింద ఏ ఏ వీధులున్నాయో వాళ్ళ నోటి మాటలోనే రాయించాం. రికార్డులో జోన్-3 అన్నది వాళ్ళకు "చెరువుగట్టు వాల్వు". ఊళ్ళో రామాలయం వీధులు మూడున్నాయి. వాటిని "పాత బస్టాండు రామాలయం", "రైసుమిల్లు రామాలయం" అని విడగొట్టాల్సి వచ్చింది. ఈ ఒక్క పేజీ జాబితా లేకపోతే తర్వాత చేసినదేదీ నిలబడేది కాదు.

అసలు ముడి

మాట బాగుపడింది, జాబితా వచ్చింది, మెసేజీ మాత్రం ఇంకా 10 గంటలకే పడుతోంది. నీళ్ళ టైమేమో 5:30. కారణం వెతకడానికి ఒక ఉదయం కబురు నడిచిన దారి గడియారం పెట్టి రాశాం. పంపు హౌసులో 4:40కి కరెంటు పోయింది. ఆపరేటరు 4:50కి లైన్‌మన్‌కి చెప్పాడు. లైన్‌మన్ 6 గంటలకు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి ఫోన్ చేశాడు, అంతకుముందు చేస్తే నిద్ర చెడుతుందని మొహమాటం. ఏఈ గారు డ్రాఫ్టు చేయించి కమిషనరు గారి ఆమోదానికి పంపారు. ఆయన 8 నుంచి టెలికాన్ఫరెన్సులో ఉన్నారు. ఆమోదం 9:50కి.

ఇందులో తప్పుచేసినవాళ్ళెవరూ లేరు. ప్రతి మెసేజీకీ ఆమోదం కావాలన్న నియమమే తప్పు. అలాగని ఆమోదం పూర్తిగా ఎత్తేస్తే ఇంకో ప్రమాదం: రెండో రోజే ఎవరో ఒకరు పక్క శాఖ మీద తప్పు తోసి రాస్తారు, మూడో రోజు సంజాయిషీ నోటీసు వస్తుంది. అందుకని ఆమోదం మెసేజీకి కాదు, మూసకు తీసుకున్నాం. ఐదు మూసలు కమిషనరు గారు ఒకేసారి సంతకం పెట్టారు: మామూలు టర్ను, ఆలస్యం, ఈ పూట సరఫరా లేదు, ట్యాంకరు వస్తుంది, మరమ్మతు పూర్తయింది. ఖాళీలు నింపి పంపడానికి పంపు హౌసు షిఫ్టు ఆపరేటరు ఫోన్, నైట్ డ్యూటీ గుమాస్తా ఉంటే చాలు. మూసలో లేనిది రాయాలంటే ఏఈ గారు. నీటి నాణ్యత, ప్రమాదం, కోర్టు, వేరే శాఖ ప్రస్తావన వస్తే కమిషనరు గారే.

ఆలస్యం మూస నమూనా:

"మంగళవారం, మే 6. చెరువుగట్టు, పాత బస్టాండు రామాలయం, చేపల మార్కెట్ వీధులు. ఉదయం 5:30కి రావాల్సిన నీళ్ళు 7:00కి వస్తాయి. పంపు హౌసులో కరెంటు పోయింది. మళ్ళీ 6:30కి చెబుతాం."

వారం, తేదీ మొదటి మాటగా ఎందుకంటే ఫోన్ పైన నోటిఫికేషన్‌లో మొదటి ముక్కే కనిపిస్తుంది. అదే వాక్యం బొమ్మగానూ, టెక్స్టుగానూ రెండూ వేయాలి. బొమ్మలో అక్షరాలను కంటిచూపు లేనివాళ్ళ ఫోన్ సరిగ్గా చదివి వినిపించలేకపోవచ్చు. ఉత్త టెక్స్టయితే ఫార్వర్డు చేసేటప్పుడు ఎవరైనా మార్చేయొచ్చు. ఇంకా 20 సెకన్ల వాయిస్. చదవడం రానివాళ్ళకోసమని మొదలుపెట్టాం, వంటింట్లో చేతులు ఖాళీ లేనివాళ్ళే ఎక్కువ విన్నట్టు తర్వాత తెలిసింది. ఫోన్ లేనివాళ్ళకు ఆటో మైకు ఎప్పటిలాగే తిరిగింది, చదివేది మాత్రం ఇదే మూస. ఇంతకుముందు మైకు ఒక టైము, పేజీ ఒక టైము చెప్పేవి.

"మళ్ళీ 6:30కి చెబుతాం" అన్నది అన్నిటికన్నా బరువైన వాక్యం. 6:30కి కొత్త సంగతి లేకపోయినా "ఇంకా కరెంటు రాలేదు, 7:15కి చెబుతాం" అని పడాల్సిందే. ఒక్కరోజు ఆపరేటరు మరిచిపోయాడు. ఆ గంటలో వచ్చిన ఫోన్లు, నీళ్ళు అసలు రాని రోజున వచ్చినవాటికన్నా ఎక్కువ.

పాచి వాసన

మే మూడో వారంలో చెరువు మట్టం తగ్గింది. నిలవ నీళ్ళు, మండే ఎండ, పాచి పట్టింది. కుళాయిలో మట్టి వాసన, ఒకటి రెండు చోట్ల లేత ఆకుపచ్చ రంగు. సాయంత్రానికి ఒక వాయిస్ మెసేజీ ఊరంతా తిరిగింది: చెరువులో ఎవరో మందు కలిపారట, పిల్లలకు పట్టకండి.

ఆఫీసు మొదటి జవాబు అలవాటైనదే: "నీరు పూర్తిగా సురక్షితం. వదంతులు నమ్మవద్దు. చట్టపరమైన చర్యలు తీసుకుంటాం." పని చేయలేదు, చేయదు కూడా. బిందెలో వాసన వస్తుంటే ముక్కును కాదని పోస్టరును ఎవరూ నమ్మరు. వాసన సంగతి ఎత్తకపోతే దాస్తున్నారనే అనుకుంటారు.

రెండో జవాబు ముందు వాసనను ఒప్పుకుంది. చెరువులో నీళ్ళు తగ్గి పాచి పెరిగిందని, వాసన దానిదేనని, ఫిల్టర్ దగ్గర ఏం చేస్తున్నామో రెండు వాక్యాల్లో చెప్పింది. తర్వాత నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూసే క్లోరోస్కోప్ ఫొటో. లైన్ చివరి కుళాయి దగ్గర గాజు గొట్టంలో నీళ్ళు, చుక్కల మందు వేశాక వచ్చిన పసుపు రంగు, పక్కన తేదీ, టైము, వీధి పేరు రాసిన చీటీ. కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. చీటీ మీద ఆ అంకె, ఆ పూట వచ్చిన అంకె పక్కపక్కన రాశాం. ట్యాంకు దగ్గర కాకుండా చివరి కుళాయి ఎందుకంటే, ట్యాంకు దగ్గర ఎప్పుడూ బాగానే ఉంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పసుపు రంగు క్లోరిన్ ఉందనే చెబుతుంది, పురుగుమందు లేదని చెప్పదు. అందుకే శాంపిల్ ల్యాబుకు పంపామని, ఫలితం ఏ రోజుకు వస్తుందో కలిపి రాశాం, ఆ రోజున ఫలితం వేశాం. తెలిసినంతే చెప్పడం వల్ల మొదటి రోజు కాస్త భయం మిగిలింది. అది మిగలనివ్వడమే నయం. అసలు వాయిస్ మెసేజీని "ఫేక్" ముద్రతో మళ్ళీ పోస్టు చేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది, వద్దన్నాం. ముద్ర కత్తిరించి మళ్ళీ తిప్పుతారు, విననివాళ్ళకు మనమే వినిపించినట్టవుతుంది.

వినే నంబరు

ఫిర్యాదులకు వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టాం. ఒక ఫోన్, దానికి కలిపిన కంప్యూటర్లు, కొన్ని సిద్ధ జవాబులు, రంగు లేబుళ్ళు. ఆ ఫోన్ 14 రోజులు తెరవకపోతే కలిపిన కంప్యూటర్లన్నీ తెగిపోతాయి, కాబట్టి అది సొరుగులో పడుకోకూడదు. మొదటి జవాబులో నాలుగే ప్రశ్నలు: డోర్ నంబరు, వీధి, ఎప్పటినుంచి, ఫొటో. ఆధార్ అడగకూడదు. అడగకపోయినా కొందరు పంపుతారు, బహిరంగ కామెంట్లలో కూడా పెడతారు. అలాంటి కామెంటు దాచి, ఇన్‌బాక్స్‌లో చెప్పాలి. తిట్టు కామెంటు వేరు, విమర్శ వేరు. విమర్శ తీసేస్తే దాని స్క్రీన్‌షాట్ అంతకు పదింతలు తిరుగుతుంది.

ప్రతి ఫిర్యాదునూ ప్రజల ఫిర్యాదుల పరిష్కారానికి ప్రభుత్వం పెట్టిన పీజీఆర్‌ఎస్ పోర్టల్‌లో ఎక్కించాలా అన్నది పెద్ద చర్చ. "ఈ పూట నీళ్ళు రాలేదు" అన్న ఫిర్యాదు పాలలాంటిది, సాయంత్రానికి విరిగిపోతుంది. పోర్టల్ నడక దానికి సరిపోదు. 48 గంటల్లో తేలనివే ఎక్కించాలని తేల్చాం. పన్నులు, సర్టిఫికెట్లు అడిగినవాళ్ళను మన మిత్రకు, అంటే రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవకు, పంపే సిద్ధ జవాబు వేరుగా పెట్టాం. 2025 జనవరి 30న అది మొదలైనప్పటి నుంచి వాట్సాప్‌లో ఆఫీసు పని అవుతుందని జనం అనుకోవడం సహజం, ఏ నంబరులో ఏమవుతుందో చెప్పాల్సింది మనమే. నెలాఖరున చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలు చేయాలి. సమాచార హక్కు కింద రేపు అడిగితే ఫోన్ పగిలిపోయిందని రాయలేం.

లీకు బాగుచేశామని ఫిట్టర్లు పంపే ఫొటోల్లో పాతవి దొర్లాయి. తేదీ, స్థలం ముద్ర పడే కెమెరా యాప్ తప్పనిసరి చేశాక అది ఆగింది. ఫిర్యాదు చేసిన మనిషి సరే అనేదాకా లేబుల్ మార్చకూడదన్న నియమం మాత్రం పూర్తిగా నిలవలేదు. పని ఒత్తిడిలో గుమాస్తాలు మార్చేస్తూనే ఉన్నారు.

ఇంకోసారి చేస్తే

గ్రూపులతో మొదలుపెట్టం. మూసలకన్నా ముందు వీధుల జాబితా, దానికన్నా ముందు ఖాతాల తాళాలు. కబురు దారిని గడియారంతో రాసే పని మొదటి వారంలోనే చేసేస్తాం. నెల రోజులు మాటల మీద కుస్తీపట్టి ఆ తర్వాత దాని దగ్గరికి రావడం వృథా.

లేబుళ్ళ వల్ల అనుకోనిది ఒకటి జరిగింది. "నీళ్ళు అందలేదు" లేబుల్ నెల రోజులది వీధులవారీగా కూడితే, చేపల మార్కెట్ వెనక రెండు వీధుల పేర్లే మళ్ళీ మళ్ళీ వచ్చాయి. మెసేజీలో టైము సరిగ్గానే ఉంది, వాల్వూ టైముకే తిరిగింది, లైన్ చివరికి వెళ్ళేసరికి ప్రెషర్ లేదు. పైగా ఛానల్ వచ్చాక, ఎవరికి నీళ్ళొచ్చాయో వాళ్ళకు కళ్ళెదురుగా కనిపించడంతో కోపం పెరిగింది. ఏ పోస్టుతోనూ తీరేది కాదది. ఏఈ గారు ఆ జాబితా చూసి, ఒక టర్నులో ముందు తిప్పే వాల్వును తర్వాతి టర్నులో చివర తిప్పేలా మార్చారు. ట్యాంకు నిండుగా ఉన్న మొదటి గంట, టర్ను విడిచి టర్ను ఆ రెండు వీధులకు దక్కింది. ఆ మార్పు చెప్పడానికి ఐదు మూసల్లో ఏదీ సరిపోలేదు. ఆరోది రాసి సంతకానికి పంపారు.